నోట్ల కట్ట, నోట్ ఫైల్

తమ్ముడు రమేశ్‌కి ఆశీస్సులు.

ఏసీబీలో (అవినీతి నిరోధక శాఖలో) దర్యాప్తుల పర్యవేక్షణ నీకు అప్పగించారని, ముందు ఏ కేసు ఫైలు విప్పాలో తెలియడం లేదని రాశావు. ఫైళ్లు విప్పకముందే ఒక పని చెయ్యి. ఏ కేసులో ఏ గడువు నడుస్తోందో తేదీలతో రాసి టేబుల్ అద్దం కింద పెట్టుకో. రిమాండులో ఉన్నవాడి మీద 60 రోజుల్లో చార్జిషీటు పడాలనే లెక్కతోనే నడువు. 90 రోజులు ఉంటాయని ధీమాగా ఉంటే, అరవై ఒకటో రోజున బెయిలు పిటిషన్ వచ్చి కూర్చుంటుంది.

తర్వాత దర్యాప్తు చేసే అధికారికి ఆ అధికారం ఉందో లేదో చూడు. అవినీతి నిరోధక చట్టం 17వ సెక్షన్ ప్రకారం మన దగ్గర డీఎస్పీ దర్యాప్తు చెయ్యాలి. ఇన్‌స్పెక్టర్ చేస్తుంటే ప్రభుత్వం అతనికి అధికారమిచ్చిన ఉత్తర్వు ఉండాలి. ఆదాయానికి మించిన ఆస్తుల కేసైతే ఎస్పీకి తగ్గని అధికారి ఉత్తర్వు కూడా కావాలి. ఆ కాగితం ఫైల్లో ఉంటే చాలదు, దాని తేదీ దర్యాప్తు మొదలైన తేదీకి ముందుదై ఉండాలి.

ఇక అదే చట్టంలో 2018 సవరణతో వచ్చిన 17ఏ సెక్షన్ సంగతి. ఉద్యోగి విధుల్లో తీసుకున్న నిర్ణయం మీదో, చేసిన సిఫార్సు మీదో ఆరోపణ అయితే ముందస్తు అనుమతి లేనిదే కదలకూడదు. లంచం తీసుకుంటూ అక్కడికక్కడే దొరికినవాణ్ని అరెస్టు చెయ్యడానికి ఇది అడ్డు రాదు. అనుమతిపై తేల్చడానికి 3 నెలలు, కారణాలు రాసి మరో నెల తీసుకోవచ్చు. మనవాళ్లు పంపే లేఖల్లో 'అవినీతికి పాల్పడినట్టు తెలిసింది' అన్న ఒక్క ముక్కే ఉంటుంది. అలాంటిది వెనక్కి రాక ఏమవుతుంది? ఏ ఫైలు, ఎన్నో పేజీలో ఏ సంతకం, దానివల్ల ఖజానాకు ఎంత నష్టం అన్నది రాయించు.

ఇక ట్రాప్ కేసులు, అంటే వల పన్ని లంచం తీసుకుంటుండగా పట్టుకునేవి. దొరికిన డబ్బు చూసి కేసు గెలిచామనుకోకు. అడగడం, తీసుకోవడం రెండూ రుజువు కావాలని, ఫిర్యాదుదారు చనిపోయినా ఎదురుతిరిగినా పరిస్థితుల సాక్ష్యంతో వాటిని నిరూపించవచ్చని 2022లో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ పరిస్థితుల సాక్ష్యం సమకూర్చడమే నీ పని. మన ఫిర్యాదుల నంబరు 1064కు ఫోన్ వచ్చిన వెంటనే, నోట్లకు పూసే పౌడర్ డబ్బా తీయకుండా, ఫిర్యాదుదారు పని ఆ రోజుకి నిజంగా ఆ ఉద్యోగి దగ్గరే ఆగి ఉందా అని విచారించమను. ఫైలు ముందు వారమే పై అధికారికి వెళ్లిపోయి ఉంటే, లంచం దేనికి అని అవతలి లాయరు అడుగుతాడు.

ట్రాప్‌కు సాక్షులుగా వచ్చే మధ్యవర్తులిద్దరూ వేరే శాఖల ఉద్యోగులై ఉండాలి. ఒకరు ఫిర్యాదుదారు వెంటే వెళ్లి మాటలు వినాలి. అడిగితేనే డబ్బు తియ్యాలని ఫిర్యాదుదారుకు చెప్పిన మాట మొదటి మధ్యవర్తుల రిపోర్టులో, నోట్ల నంబర్లతో పాటు ఉండాలి. నోట్లకు ఫినాల్ఫ్తలీన్ పౌడర్ పూసిన మనిషిని స్పాట్‌కు రానివ్వొద్దు, ఆ పౌడర్ తగిలితే గులాబీ రంగుకు మారే సోడియం కార్బొనేట్ ద్రావణం అతని చేత కలిపించొద్దు. చేతులు ముంచకముందు ద్రావణం రంగు లేకుండా ఉందని రాయాలి. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, జేబు గుడ్డ కడిగిన నీళ్లు వేర్వేరు సీసాల్లో ఉండాలి. గులాబీ రంగు కొన్నాళ్లకు వెలిసిపోవచ్చు, కంగారు పడకు. రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ రంగు వెలిసినా పదార్థాన్ని పట్టుకుంటుంది. సీలు మీద సంతకాలు వెలిస్తేనే చిక్కు. అన్నిటికన్నా ముఖ్యం, పట్టుబడ్డ మనిషి మొదట ఇచ్చిన వివరణ. 'అప్పు తీర్చాడు' అన్నా, 'జేబులో కుక్కాడు' అన్నా అతని మాటల్లోనే, పట్టుబడ్డాక రాసే రెండో మధ్యవర్తుల రిపోర్టులోకి ఎక్కాలి. దాన్ని వదిలేస్తే విచారణలో తీరిగ్గా కొత్త కథ పుడుతుంది.

బిల్లుల మోసాల్లో మనుషుల వాంగ్మూలాల కన్నా ముందు రికార్డు స్వాధీనం చేసుకో. అంచనా, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు, అగ్రిమెంటు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), బిల్లు, చెల్లింపు: ఈ వరసలో ఒక్కో కాగితం ఒరిజినల్ తెప్పించి, ప్రతి సంతకానికీ ఎదురుగా ఆ మనిషి బాధ్యత ఏమిటో రాయించు. ఎం-బుక్‌లో కొలత తీసిన తేదీ, బిల్లు తేదీ, ఇంజనీరు సెలవు రికార్డు మూడూ పక్కపక్కన పెడితే దొంగతనం దానంతటదే బయటపడుతుంది. తపాలా రిజిస్టర్ మర్చిపోవద్దు. వెనక తేదీ వేసిన కాగితాన్ని పట్టిచ్చేది అదే. నేరం 2024 జూలై 1కి ముందుదైతే సెక్షన్లు పాత ఐపీసీవే; కేసు ఆ తేదీ నుంచి నమోదైతే దర్యాప్తు పద్ధతి మాత్రం కొత్త చట్టానిది. ఆ రెండూ కలిపేసి రాసిన ఎఫ్‌ఐఆర్‌లను సరిచేయించు. సోదా అంతా వీడియో తీయాలి. కంప్యూటర్ నుంచి తీసిన సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) తప్పనిసరి. చార్జిషీటు ముందురోజు సర్టిఫికెట్ కోసం పరుగులు పెట్టే అలవాటు మాన్పించు.

ఆస్తుల కేసు లెక్క తేలికే. మనం లెక్కకు తీసుకున్న కాలవ్యవధి చివర ఆస్తుల్లోంచి మొదట్లో ఉన్నవి తీసెయ్యి, ఖర్చు కలుపు, ఆదాయం తీసెయ్యి. మొదట 10 లక్షలు, చివర 90 లక్షలు, ఖర్చు 30, ఆదాయం 60 అయితే తేలేది 50 లక్షలు. ఆ అంకె వెనక ఉండేవే తగాదాలు. కొండాపూర్ ప్లాటుకు నేటి ధర కాదు, కొన్ననాటి డాక్యుమెంటు ధర. బంగారానికీ అంతే. బ్యాంకు అప్పును ఆదాయం వైపు రాస్తే కట్టిన వాయిదాల్ని ఖర్చు వైపు రాయాలి. బావమరిది పేరున ఉన్న ఇల్లు లెక్కలోకి రావాలంటే, అతనికి కొనే స్తోమత లేదన్న సాక్ష్యం నువ్వే చూపాలి. సోదా రోజున పేపర్లో పడే కోట్లకు, నాంపల్లి కోర్టులో నిలబడే అంకెకు చుట్టరికం తక్కువ. అగ్నిహోత్రి కేసులో ఇలా తేలిన అదనపు ఆస్తి మొత్తం ఆదాయంలో 10 శాతం లోపే అయిందని సుప్రీంకోర్టు నిందితుణ్ని వదిలేసింది. కాబట్టి అంచుల్లో ఉన్న కేసు మీద నెలలు పోయకు.

ప్రాసిక్యూషన్ మంజూరుకు, అంటే ఉద్యోగి మీద కోర్టులో కేసు నడిపే అనుమతికి పంపేటప్పుడు నువ్వే ముసాయిదా ఉత్తర్వు రాసిచ్చి సంతకం పెట్టించుకోకు. రికార్డంతా పంపించు. నిందితుడి వివరణ కూడా అందులో ఉండాలి. సంతకం పెట్టిన అధికారి బోనెక్కి, తాను చదివి ఆలోచించానని చెప్పగలగాలి కదా! ఈలోపు శాఖాపరమైన విచారణ ఆగనక్కర్లేదు, దానికి కావలసిన రుజువు స్థాయి వేరు.

ఫిర్యాదుదారు గురించి నీకు ఎవరూ చెప్పరు. ట్రాప్ తర్వాత అతని పని పూర్తయిందా, పెట్టిన సొమ్ము తిరిగి అందిందా అని మూడు నెలలకోసారి కనుక్కో. ఆ శాఖ ఫైలును మూలపడేస్తే, సాక్ష్యం రోజున అతను నీవైపు చూడడు.

నీ
అన్నయ్య