గడ్డివాము వెనక పిల్లాడు

ప్రశ్న: మాది అనంతపురం, పుట్టిల్లు కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా తమ్ముడు తాగొచ్చి ఎనిమిదేళ్ళ కొడుకును కొడతాడు. ఈసారి వీపు మీద బెల్టు వాతలు చూసి టీచరమ్మ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసింది. బాలల సంక్షేమ కమిటీ పిల్లాణ్ణి ప్రస్తుతానికి నా దగ్గర ఉంచింది. తిరిగి ఇంటికి పంపాలంటే కుటుంబమంతా కూర్చుని, వాడికి మళ్ళీ దెబ్బ తగలకుండా ఎవరేం చేస్తారో రాసి సంతకాలు పెట్టమన్నారు. రాత్రిళ్ళు తానే చూసుకుంటానని అమ్మ అంటోంది. నన్ను మాత్రం ‘సంతకం పెడితే తోడబుట్టినోణ్ణి జైలుకు పంపినట్టే, పెళ్ళై పోయినదానికి మా ఇంటి సంగతులెందుకు’ అని తిడుతోంది. మరదలు నోరు లేనిది. వాళ్ళ నాయన ఎక్సెల్ బండి శబ్దం వినబడితే చాలు, పిల్లాడు గడ్డివాము వెనక్కి పోయేవాడట. సంతకం పెట్టమంటారా, వద్దా?

జవాబు: పెట్టండి. పిల్లాణ్ణి చూసుకుంటానని మీరిచ్చే మాటకు ఆ సంతకం. పిల్లల్ని హింసిస్తే 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చన్నది నిజమే. అది మీ తమ్ముడు బెల్టు తీసిన నాడే తెచ్చుకున్నాడు, మీ పెన్నుకు దాంతో పనిలేదు. ఇక ఆ ప్రశ్న వదిలేద్దాం.

నాకు దిగులు పుట్టించింది మీ అమ్మగారు. రాత్రిళ్ళు తానే చూసుకుంటానంటున్న జేజి ఇన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉంది కదా? బడిలో టీచరమ్మకు కనబడిన వాతలు, వీపు రుద్ది నీళ్ళు పోసే జేజికి కనబడలేదా? కనబడే ఉంటాయి. కొబ్బరినూనె రాసి, రెండు ముద్దలు ఎక్కువ పెట్టి, ‘బడిలో ఎవురితోనూ చెప్పాకు నాయనా’ అనే ఉంటుంది. మనవడంటే ప్రాణమే, కాదనను. కానీ కొడుకును ఎవరైనా ఒక మాట అంటే ఆ ప్రాణం పక్కకు పోతుంది. ఇలాంటి తల్లుల్ని చాలామందిని చూశాను, నాకు వాళ్ళ మీద ఓపిక తక్కువ.

మనవాళ్ళు నలుగురు కూర్చుంటే అది పంచాయితీ అయిపోతుంది. పెద్దమనుషులొస్తారు, మీ తమ్ముడు కసాపురం ఆంజనేయస్వామి మీద ఒట్టేస్తాడు, అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది, అందరూ టీ తాగి లేస్తారు. కమిటీ అడిగేది ఈ ఒట్టు కాదు. వాడు మళ్ళీ తాగొచ్చిన రాత్రి ఏం జరగాలన్నది. బండి శబ్దం వినగానే పిల్లాడు ఎవరింటికి పోవాలి? ఆ ఇంటివాళ్ళు రాత్రి పదకొండుకైనా తలుపు తీస్తామని ఒప్పుకున్నారా? మీకు ఫోన్ చేసేదెవరు? కూలి డబ్బులు చేతికొచ్చే శనివారాలు పిల్లాడు ఎక్కడ పడుకోవాలి? వారానికోసారి వాడి వీపు చూసేదెవరు? ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు ఉండాలి. ‘అందరం చూసుకుంటాం’ అని రాస్తే ఎవరూ చూడరు.

ఇదంతా మాకెందుకని తప్పుకుంటే పిల్లాడు బాలల హోంకు పోతాడు. హోం ఆఖరి దారని, పిల్లల్ని చూసుకునే మొదటి బాధ్యత కుటుంబానిదేనని చట్టమే అంటుంది. మిమ్మల్నందర్నీ పిలిచి కూర్చోబెడుతున్నది అందుకే. పిల్లాడి మాట వినాలని కూడా అందులోనే ఉంది. గడ్డివాము సంగతి వాడు మీకెప్పుడు చెప్పాడో గానీ, మొత్తం ఉత్తరంలో పనికొచ్చే మాట అదొక్కటే. పెద్దలెవరూ చేయని ఏర్పాటు వాడు సొంతంగా చేసుకున్నాడు. ఇంట్లో ఇంతమంది ఉండగా గడ్డివామునే ఎందుకు నమ్మాడో మీ అమ్మగారిని అడగండి.

మరదలి గురించి రెండే మాటలు రాశారు. అత్తా మొగుడూ ఎదురుగా ఉంటే ఎవరికి నోరొస్తుంది? ఒకరోజు మీ ఇంటికి పిలిపించుకుని, పిల్లాడితో కలిపి భోజనం పెట్టి, తీరిగ్గా అడగండి. ఏ రోజుల్లో ఎక్కువ తాగుతాడో, పక్కింట్లో ఎవరు ఆదుకుంటారో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇక మీ సంగతి. అమ్మకు ఎదురు చెప్పలేక మీరు నన్ను అనుమతి అడుగుతున్నారు. పండక్కి చీర పెట్టించుకోవడానికి పుట్టింటి ఆడబిడ్డ, మేనల్లుడి వీపు పగిలితే మాత్రం పరాయిదా? ఈ లెక్క నేను ఒప్పుకోను. అమ్మ ఆర్నెల్లు మాట్లాడకపోవచ్చు, ఉగాదికి పిలవకపోవచ్చు. బాధే, పడండి. మీ మేనల్లుడు పడ్డదానితో పోలిస్తే ఎంత?

కమిటీ దగ్గరికి అమ్మను కూడా తీసుకెళ్ళండి. సభ్యుల ముందు ముందుగా ఎక్సెల్ బండి శబ్దం సంగతి చెప్పి ఆగండి. అప్పుడు కూడా ఆమె ‘చిన్న దెబ్బలేలే’ అంటే, రాత్రి కాపలాకు ఆమె పేరు రాయొద్దని అక్కడే, ఆమె వింటుండగానే చెప్పండి.