సొంత ఓడ లేని ఓడల కంపెనీలో చేరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మెరైన్ ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు. ఒక షిప్ మేనేజ్‌మెంట్ కంపెనీ ఇంజిన్ కేడెట్‌గా (శిక్షణలో ఉండే ఇంజినీర్‌గా) తీసుకుంటామంటోంది. ఆరా తీస్తే ఆ కంపెనీకి సొంతంగా ఒక్క ఓడా లేదట. టెన్షన్‌గా ఉంది. చేర్చమంటారా?

జవాబు: ‘ఆలూ లేదు చూలూ లేదు’ సామెత గుర్తొచ్చినట్టుంది మీకు. కంగారు పడకండి, ఈ వ్యాపారం తీరే అంత. ఓడ కొనేది ఒకరు, నడిపించేది మరొకరు. యజమాని ఏ పెట్టుబడి సంస్థో, బ్యాంకో కావచ్చు. దాన్ని నడిపే పనిని ఏడాదికి ఇంత ఫీజు అని మాట్లాడుకుని మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగిస్తారు. ఓడ ఖర్చులు మాత్రం యజమానివే.

సిబ్బందిని ఎంపిక చేసి ఎక్కించడం, దించడం, జీతాలివ్వడం అందులో ఒక భాగం. అసలు బరువంతా టెక్నికల్ విభాగం మీద ఉంటుంది. నడిసముద్రంలో ఇంజిన్ ఫ్యూయల్ పంపు పాడైందనుకోండి. ఉన్న స్పేర్ బిగించి, ఇంకొకటి కావాలని చీఫ్ ఇంజినీర్ మెయిల్ పెడతాడు. ఒడ్డునున్న సూపరింటెండెంట్ అది చూసి సరేనంటే, కొనుగోళ్ల విభాగం ధరలు కనుక్కుని ఆర్డరిచ్చి, ఓడ ఆగబోయే రేవుకు పంపాలి. ఓడ అక్కడ ఉండేది ఒక్క రోజే కావచ్చు. పార్సిల్ కస్టమ్స్‌లో ఇరుక్కుంటే మళ్లీ రేవు వచ్చేదాకా ఎదురుచూపే. ఓడను నీళ్లు లేని చోట నిలిపి చేసే డ్రై డాక్ మరమ్మతులు, సర్వేలు (ఓడ తనిఖీలు), బడ్జెట్ లెక్కలు కూడా వీళ్లవే. సరుకు వెతికి కిరాయి మాట్లాడే కమర్షియల్ పని చాలాసార్లు వేరేవాళ్ల చేతిలో ఉంటుంది.

భద్రత విషయంలో ఈ కంపెనీ పేరుకే మధ్యవర్తి కాదు. 1998 నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చిన ఐఎస్ఎం కోడ్ (ఓడల భద్రతా నిర్వహణకు అంతర్జాతీయ నియమావళి) ప్రకారం, ఓడ నిర్వహణ బాధ్యత తీసుకున్నవారి పేరు మీదే ‘డాక్యుమెంట్ ఆఫ్ కంప్లయన్స్’ (ఆ నియమాలు పాటిస్తున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం) ఉండాలి. ఎక్కబోయే ఓడ తాలూకు ఆ పత్రంలో ఈ కంపెనీ పేరే ఉందా అని అడగండి. సిబ్బందిని మాత్రమే సమకూర్చే ఒప్పందమైతే వేరేవాళ్ల పేరుంటుంది. అది తప్పేం కాదు గానీ, తెలిసి చేరడం మంచిది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. గత రెండేళ్లలో ఎంతమంది కేడెట్లను తీసుకున్నారు, వాళ్లలో ఎంతమంది నిజంగా ఓడెక్కారు, ఎన్ని నెలలు ఆగాక ఎక్కారు? సీ టైమ్, అంటే ఓడలో పనిచేయాల్సిన కాలం నిండకపోతే, ఓడ ఇంజినీర్‌గా అర్హతనిచ్చే కాంపిటెన్సీ పరీక్షకు కూర్చోలేరు. పైగా యజమాని నోటీసిచ్చి ఓడను వేరే మేనేజర్‌కు మార్చుకోవచ్చు. చేతిలో పలువురు యజమానుల ఓడలున్న కంపెనీ అయితే మీవాడిని ఇంకో ఓడలో సర్దగలదు. రకరకాల ఓడలు చూసే వీలుండటం ఇక్కడి లాభం కూడా. ఒకే యజమానిని నమ్ముకున్న చిన్న కంపెనీ అయితే నేను తొందరపడను.

కాంట్రాక్టులో ఎంప్లాయర్‌గా ఎవరి పేరుందో చదవండి. జీతం బకాయి పడ్డా, ఇంటికి రావాల్సిన టికెట్ ఇవ్వకపోయినా నిలదీయాల్సింది ఆ పేరునే. 2013లో అమల్లోకి వచ్చిన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ (నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదు. మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, సీమన్ బుక్ (నావికుడి గుర్తింపు పుస్తకం) ఖర్చులు మీవి కావచ్చు. ‘ప్లేస్‌మెంట్ ఛార్జీ’ అని ఎవరైనా అడిగితే మాత్రం ఆ ఆఫరును అక్కడే వదిలేయండి.