ల్యాబ్‌లో ఎముక చేయాలంటే ఎంపీసీనా, బైపీసీనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నోటి క్యాన్సర్ వచ్చి మా బావమరిదికి కింది దవడ ఎముక తీసేశారు, కాలి ఎముక తెచ్చి పెట్టారు. ఇప్పుడు కుంటుతున్నాడు. అది చూసి, ఈ ఏడాదే టెన్త్ పాసైన మా అమ్మాయి 'మామయ్య లాంటివాళ్లకు ల్యాబ్‌లో ఎముక తయారు చేస్తా' అంటోంది. ఏ గ్రూపులో చేర్చాలి?

జవాబు: అలాంటి చదువు ఉంది. కాకపోతే చిక్కెక్కడుందో అమ్మాయికి ముందే తెలియాలి. ఎముక కణాలను పెంచడం కంటే వాటికి రక్తం అందించడం కష్టం. సాగర్ ఎడమ కాలువ కింద మీరు చూసేదే: తూము పక్క మళ్లు తడుస్తాయి, చివరి మళ్లు ఎండుతాయి. సన్నటి రక్తనాళం నుంచి ఆక్సిజన్ 0.1, 0.2 మిల్లీమీటర్ల దాకానే చేరుతుంది. దవడ ముక్కేమో సెంటీమీటర్ల లెక్క. చుట్టుపక్కల నాళాలు దాని లోపలికి పాకేసరికి వారాలు పడుతుంది, ఆలోగా నడిమి కణాలు చచ్చిపోతాయి.

అందుకే ఇప్పటికీ డాక్టర్లు ఎక్కువగా కాలి ఫిబ్యులా ఎముకను దాని ధమని, సిరలతో సహా తీసి, మెడలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతారు. జర్మనీలోని కీల్ డాక్టర్లు 2004లో ఇంకో దారి చూపారు. దవడ ఆకారంలో టైటానియం జాలీ చేసి, అందులో ఎముక ఖనిజం ముక్కలు, ఎముకను పుట్టించే ప్రోటీన్, రోగి మజ్జ నింపి, అతని వీపు కండరంలోనే ఏడు వారాలు ఉంచారు. నాళాలు అల్లుకున్నాక తీసి దవడలో అమర్చారు. నాళాల కణాలను ఎముక కణాలతో కలిపి పెంచడం, త్రీడీ ప్రింటింగ్‌తో ముందే కాలువలు వదలడం లాంటి వాటిపై ఇప్పుడు పరిశోధన సాగుతోంది.

ఇక గ్రూపు. ఆపరేషన్ తనే చేయాలనుకుంటే బైపీసీ, నీట్, ఎంబీబీఎస్, ఎంఎస్, ఆపైన ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ. ఎక్కడా ఏడాది పోకున్నా ఇంటర్ తర్వాత పదకొండున్నరేళ్లు. కానీ మీ అమ్మాయి 'డాక్టర్నవుతా' అనలేదు, 'తయారు చేస్తా' అంది. ఆ మాటను బట్టి నేనైతే ఎంపీసీ అంటాను, లెక్కలంటే టెన్షన్ లేకపోతేనే సుమా. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఓయూ ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఆ బ్రాంచి ఉంది. బైపీసీ తీసుకున్నా ఎప్‌సెట్‌తో బయోమెడికల్, బయోటెక్నాలజీ సీట్లకు పోటీపడొచ్చు, ఐఐటీ బీటెక్ మాత్రం చేజారుతుంది. బీటెక్‌తో సాఫ్ట్‌వేర్ జీతం వస్తుందని లెక్కేయకండి. ఈ రంగంలో పీహెచ్‌డీ లేనిదే సొంతంగా పరిశోధన చేయనివ్వరు.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. ఆదివారం మటన్ షాపులో ముక్కలు కొట్టని కాలి బొక్క ఒకటి అడిగి తెచ్చి, మాంసం గీకి ఆమె చేతికివ్వండి. నడుమ ఎక్కడో సూది మొన పట్టేంత రంధ్రం ఉంటుంది. ధమని లోపలికి పోయే దారి అదే. చెప్పకుండా వెతకమనండి. ఎంతసేపు వెతుకుతుందో చూడండి.