క్వయర్ బాధ్యత తీసుకున్న బిడ్డకు

కాజీపేట

బిడ్డా,

వందనాలు. మీ హనుమకొండ చర్చిలో క్వయర్, అంటే పాటల బృందం, నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజంతా నాకు అదే సంతోషం. క్రిస్మస్‌కు ఏ పాటలు తీసుకోవాలో పెద్దనాన్ననే అడుగుతానన్నావట. పేర్లు రాసి పంపడం పది నిమిషాల పని, కానీ ఆ కాగితం ఒక్క ఏడాదికే పనికొస్తుంది. రైల్వే ఉద్యోగం చేసుకుంటూనే ముప్పై ఏళ్లు క్వయర్ నడిపాను. ఆ ఏళ్లలో తెలుసుకున్నది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ దగ్గర ఎన్ని గొంతులున్నాయో చూసుకో. నేను కొత్తలో పద్నాలుగు మందితో క్రిస్మస్‌కు హాండెల్ 'హల్లెలూయ' కోరస్ ఎత్తుకున్నాను. టెనోర్లు, అంటే పై స్వరం పాడే మగవాళ్లు, ఇద్దరే, అందులో ఒకరికి ఆ రాత్రి డ్యూటీ పడింది. పై స్వరాలు వచ్చేసరికి ఆడపిల్లలు గొంతు చించుకున్నారు. ఒక అమ్మాయి ఏడ్చింది, మళ్లీ క్వయర్‌కు రాలేదు. తప్పు ఆ పిల్లది కాదు, ఆ పాట పెట్టిన నాది. ఇప్పటికీ ఆ మొహం గుర్తొస్తే మనసు బరువెక్కుతుంది.

తర్వాత తెలిసింది, అసలు అది క్రిస్మస్ పాటే కాదని. ఆ కోరస్ ఉన్న హాండెల్ పెద్ద రచన 'మెస్సయా' మూడు భాగాలు. యేసు పుట్టుక మొదటి భాగంలో ఉంటుంది. హల్లెలూయ వచ్చేది రెండో భాగం చివర, శ్రమలు, పునరుత్థానం అయ్యాక. 1742లో డబ్లిన్‌లో మొదటిసారి వినిపించింది కూడా ఏప్రిల్ 13న. మీ క్వయర్ ముప్పై మందికి పెరిగిన నాడు ఈస్టర్‌కు పెట్టుకో. అంతవరకు తక్కువ మంది ఉన్నారని దిగులు వద్దు. 'సైలెంట్ నైట్' 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో మొదట వినిపించింది ముఖ్యంగా ఇద్దరి గొంతులు, ఒక గిటారుతోనే.

ఇక కాలం సంగతి. పాటల పుస్తకం తెరిచే ముందు పాస్టర్ అయ్యగారిని అడిగి ఆ ఆదివారం చదివే బైబిల్ పాఠాలు తెచ్చుకో. క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ నాలుగు ఆదివారాలూ ఎదురుచూసే రోజులు. మన దగ్గర డిసెంబర్ మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్‌లు, అంటే ముందస్తు వేడుకలు, మొదలవుతాయి, అక్కడ క్రిస్మస్ పాటలు పాడండి, తప్పేం లేదు. ఆదివారం ఆరాధనలో మాత్రం ఆ ఎదురుచూపును ఉండనివ్వు. లూకా మొదటి అధ్యాయంలో మరియ పాట, జెకర్యా పాట ఉన్నాయి, వాటి మీద కట్టిన పాటలు వెతుకు. 'జాయ్ టు ద వరల్డ్' కూడా ఆ ఆదివారాలకు కుదురుతుంది. ఐజాక్ వాట్స్ దాన్ని 98వ కీర్తన ఆధారంగా రాసి 1719లో అచ్చువేయించాడు. అందులో పశువుల తొట్టి లేదు, గొర్రెల కాపరులు లేరు, రాజు రావడమే ఉంది.

ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం లెంట్‌లో హల్లెలూయ అన్న మాట ఉన్న పాటలన్నీ పక్కన పెట్టు. ఇది చాలా పాత ఆచారం, కాథలిక్కులు ఇప్పటికీ గట్టిగా పాటిస్తారు. మన సంఘాల్లో కొందరు పట్టించుకోరు గానీ, నువ్వు ఒక్క ఏడాది చేసి చూడు. భస్మ బుధవారం నుంచి ఆరున్నర వారాలు ఎవరి నోటా రాని ఆ మాట, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డప్పుడు మొదటిసారి పలికితే, ముసలివాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఇంకో క్యాలెండరు కూడా చూసుకోవాలి, అది మన ఊళ్లది. అడ్వెంట్ మొదలయ్యే సమయానికి పల్లెల నుంచి వచ్చేవాళ్లకు పత్తి ఏరడం, వరి కోతల పని. మార్చిలో పిల్లలకు ఇంటర్ పరీక్షల టెన్షన్. అందుకే ఒక్కో గొంతుకు వేరే స్వరం ఉండే కష్టమైన పార్ట్స్ దసరా సెలవుల్లోనే నేర్పెయ్. లెంట్‌కు అందరూ ఒకే స్వరంలో పాడేవి చాలు, 51వ కీర్తన లాంటివి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. ఇంగ్లీషు ట్యూన్‌కు తెలుగు మాటలు కూర్చిన పాట తీసుకుంటే, ముందు ట్యూన్ లేకుండా గట్టిగా చదివించు. తర్వాత పాడించు. రెండూ ఒకేలా వినపడాలి. మన భాషలో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది. 'బలము'లో మొదటి అక్షరం మీద పొడుగు స్వరం పడిందంటే సంఘానికి 'బాలము' అని వినపడుతుంది. 'మహి' దగ్గర ఊపిరి తీసుకుని 'మ' తర్వాత అంటే మహిమ ఎక్కడిది? అలాంటి చోట ఆ స్వరాన్ని రెండుగా విడగొట్టు, కుదరకపోతే ఆ చరణం వదిలెయ్. రాసినవాళ్ల మాటలు మాత్రం అయ్యగారిని అడగకుండా మార్చకు.

కీర్తనల్లో ఈ తిప్పలు తక్కువ, ఎందుకంటే తెలుగు నడకలోనే పుట్టాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి, వాటిని దాటేసి పోకు. పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌధరిగారి పాటలకు కీబోర్డు మీద నాలుగు పార్ట్స్ కట్టాలని చూస్తే రాగం చచ్చిపోతుంది. చరణం ఆడవాళ్లు, పల్లవి అందరూ, కింద మగవాళ్లు శ్రుతి పట్టుకుని నిలబడటం. అంతే, నిండుగా ఉంటుంది. డోర్నకల్ కతీడ్రల్ చూశావు కదా, గుడి, మసీదు పోలికలు కలిపి కట్టింది, 1939 నాటిది. దాన్ని కట్టించిన అజరయ్య బిషప్‌గారు ఆరాధన ఈ నేల పోలికలో ఉండాలనుకున్నారు. పాట దగ్గర కూడా నేను అదే పట్టుకున్నాను.

సంఘం కలిసి పాడే పాటైతే పై 'డి' స్వరం దాటనివ్వకు, పొద్దున ఆరాధనకు ఇంకా ఒక మెట్టు దించు. క్యారల్స్‌కు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు చీకట్లో పుస్తకాలు చూడలేరు కాబట్టి నోటికి వచ్చినవి ఐదారు చాలు. డప్పు తీసుకెళ్లండి.

మీ అమ్మ వచ్చినప్పుడు నా పాత కీర్తనల పుస్తకం పంపిస్తాను. ప్రతి పాట పక్కన ఏ శ్రుతిలో పాడామో, ఆ రోజు ఎంతమంది ఉన్నామో పెన్సిల్‌తో రాసి ఉంటుంది. గుండ్రంగా గీత గీసినవి మేము అందుకోలేకపోయినవి. ఈ ఏడాది వాటి జోలికి వెళ్లకు.

ప్రభువునందు,
మీ పెద్దనాన్న