టెక్ సందేహాలు: లీవర్ యాక్షన్ రైఫిల్ కొనొచ్చా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. నాలుగెకరాల్లో కంది, వేరుశనగ వేశాం. అడవి పందులు రాత్రికి రాత్రి చేను తవ్విపోతున్నాయి. గేముల్లో, ఇంగ్లీషు సినిమాల్లో కనిపించే లీవర్ యాక్షన్ రైఫిల్ కొందామని ఉంది సార్. దాని మంచీచెడూ చెప్పండి.

జవాబు: ముందు ఆ రైఫిల్ సంగతే చెబుతాను. మీకు దాని మీద మనసు పడిందని ఉత్తరంలోనే తెలుస్తోంది, నాకూ ఆ యంత్రమంటే ఇష్టమే. నెల్లూరులో ఒక పెద్దాయన ఇంట్లో లైసెన్సున్న పాత లీవర్ యాక్షన్ రైఫిల్, అమెరికా వించెస్టర్ కంపెనీది, చూశాను. మందు లేని డమ్మీ తూటాలు పెట్టి ఆయనే ఆడించి చూపించారు. ట్రిగ్గర్ కింద వేళ్లు దూర్చే వంకీని, అదే లీవర్‌ని, ముందుకు తోస్తే డమ్మీ తూటా పైనుంచి ఎగిరి చాప మీద పడింది. వెనక్కి లాగితే కొత్త తూటా లోపలికి ఎక్కింది. ఇదంతా జరుగుతున్నా రైఫిల్ ఆయన భుజం మీద నుంచి దిగలేదు. ఎన్నో ఏళ్లు వేళ్లు రాసుకుని వంకీ మీద నల్లరంగు పోయి, ఇనుము తెల్లగా మెరుస్తోంది.

దాని మంచి అంతా ఆ కదలికలోనే ఉంది. బోల్ట్ యాక్షన్‌లో పక్కనున్న పిడిని పైకెత్తి, లాగి, తోసి, దించాలి. లీవర్‌తో ఆ పని ముందుకొకసారి, వెనక్కొకసారి చేస్తే అయిపోతుంది. ఎడమచేతి వాటం వాళ్లకూ ఇబ్బంది ఉండదు. 1860లో వచ్చిన హెన్రీ రైఫిల్‌లో 16 తూటాలు పట్టేవి. ఒక్కో గుండుకూ ముందు నుంచి మందు కూరుకునే ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మార్పో ఊహించండి. తర్వాత జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన 1894 మోడల్ వించెస్టర్ అమెరికా వేటగాళ్ల చేతుల్లో దశాబ్దాలు నిలిచింది. సన్నగా ఉంటుంది, పొదల్లో అడ్డం పడదు.

చెడు కూడా ఆ నిర్మాణంలోంచే వచ్చింది. ఈ రైఫిళ్లలో ఎక్కువ వాటికి తూటాలు బ్యారెల్ కింద ఉన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా అడుగున, దెబ్బ తగిలితే మందు అంటించే ప్రైమర్‌కి ఆనుకుంటుంది. ముక్కు సూదిగా ఉంటే ఒక కుదుపుకు గొట్టంలోనే పేలొచ్చు. అందుకే గుండు ముక్కు అరిగిపోయిన సుద్దముక్కలా బల్లపరుపుగా చేస్తారు. అలాంటి గుండు గాలిని చీల్చుకుని దూరం పోలేదు. వీటిలో ఎక్కువగా వాడే థర్టీ-థర్టీ తూటాతో 150, 200 మీటర్లు దాటితే గురి మీద నమ్మకం పెట్టుకోలేం. నేల మీద బోర్లా పడుకుని కాల్చాలంటే వంకీ తిప్పడానికి కింద చోటు చాలదు. పాత వించెస్టర్లలో కాల్చాక మిగిలే ఖాళీ షెల్ పైనుంచి ఎగురుతుంది కాబట్టి స్కోప్ బిగించడం తలనొప్పి. చిన్న భాగాలు ఎక్కువ, విప్పి శుభ్రం చేయడం బోల్ట్ రైఫిల్ అంత తేలిక కాదు. మన కోస్తా ఉప్పుగాలికి ఆ గొట్టం లోపల తుప్పు పడితే బయటికి కనపడదు కూడా.

ఇవన్నీ సర్దుకుపోతానన్నా ఇక్కడ అసలు చిక్కు తూటా దగ్గరే వస్తుంది. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల (ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల) నుంచి పౌరులకు దశాబ్దాలుగా వస్తున్న రైఫిళ్లు .315 బోల్ట్ యాక్షన్, .22 లాంటివి (ఆ అంకెలు గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో). విదేశీ తుపాకులు సామాన్యులు దిగుమతి చేసుకోవడం 1980ల నుంచి దాదాపు ఆగిపోయింది. పేరున్న షూటర్లకు మినహాయింపు ఉంది. అందుకని లీవర్ యాక్షన్ అంటే పాత కుటుంబాల్లో మిగిలినది చేతులు మారడమే, అదీ లక్షల్లో. అంత పోసి కొన్నాక దానికి సరిపడే తూటా డీలరు దగ్గర లేకపోతే అది గోడకు తగిలించే వస్తువే. ఫోన్ కొనేముందు సర్వీస్ సెంటర్ ఉందా అని అడుగుతాం కదా, తుపాకీకి ముందు తూటా అడగాలి.

ఇక మీ చేను. ఆయుధాల చట్టం పంట రక్షణకని పేరు పెట్టి చెప్పింది ముందు నుంచి మందు కూరే తుపాకీని. రైఫిల్‌ని కాదు. పైగా రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది, అవతల చేలో నీళ్లు కట్టేవాళ్లుంటారు. లైసెన్సు ఉన్నా పందిని కాల్చడానికి వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ అనుమతి విడిగా కావాలి. అనుమతి లేకుండా కాలిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. లైసెన్సు లేని నాటు తుపాకీ ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత దానికి రెండేళ్లకు తగ్గకుండా శిక్ష.

మీ డబ్బుకు నేను సూచించేది సోలార్ ఫెన్సింగ్. దాని ఎనర్జైజర్ తీగలోకి కరెంటుని క్షణంలో చిన్న వంతు సేపే, ఆగి ఆగి పంపుతుంది. అందుకే పంది బెదిరి పోతుంది కానీ చావదు. పంది తీగ మీదనుంచి దూకడం కన్నా కిందనుంచి దూరడమే ఎక్కువ. కాబట్టి మొదటి తీగ నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. గడ్డి తగిలితే కరెంటు నేలలోకి కారిపోతుంది, వారానికొకసారి గట్టు గీకించండి. దయచేసి మోటారు కరెంటు మాత్రం తీగలకు ఇవ్వొద్దు. పందులకని పెట్టిన ఆ తీగలకు తెల్లారి చేలోకి వెళ్లిన రైతులే బలైపోతున్నారు.

ప్రశ్న: ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో లీవర్ యాక్షన్ అని వెతికితే ఎయిర్ రైఫిళ్లు వస్తున్నాయి. లైసెన్సు కావాలా?

జవాబు: మీకు కనిపిస్తున్నవి చాలావరకు అండర్ లీవర్ రకం. పేరు దగ్గరగా ఉన్నా పని వేరు. అందులో లీవర్ లోపలి స్ప్రింగ్‌ని నొక్కిపెడుతుంది, అంతే. ప్రతిసారీ ఒక్కో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) చేత్తో పెట్టాలి. నిజంగా వంకీ తిప్పే రకాలూ ఉన్నాయి, వాటిలో కొన్ని 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ క్యాప్సూల్‌తో పనిచేస్తాయి. గురి నేర్చుకోవడానికి స్ప్రింగ్‌దే మంచిది, క్యాప్సూళ్ల ఖర్చుండదు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. కొనేముందు ఈ రెండంకెలూ బిల్లు మీద రాయించుకోండి. చెరువు మీది కొంగల మీద మాత్రం ప్రయత్నించకండి, అదీ వేట కిందికే వస్తుంది.

ప్రశ్న: కావలి నుంచి రాస్తున్నాను. తాతగారు పోయి ఏడాదైంది. ఆయన పాత వించెస్టర్ బీరువాలో ఉంది. లైసెన్సు ఆయన పేరు మీదే. ఆన్‌లైన్‌లో నా పేరుకు మార్చుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు టెన్షన్ పట్టుకుంది. లైసెన్సుదారు పోయాక తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించాలి. వారసుడిగా మీ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, నిర్ణయం కలెక్టరేట్‌లో జరుగుతుంది. 21 ఏళ్లు నిండి ఉండాలి, మిగతా వారసుల అంగీకారపత్రం ముందే సిద్ధం చేసుకోండి. అయితే దరఖాస్తు పెట్టాను కదా అని తుపాకీని బీరువాలోనే ఉంచకండి.

ఇంకొక మాట. ఇందాక చెప్పిన గొట్టంలో తూటా ఉందో లేదో పైకి కనపడదు. వంకీ తిప్పి ఒక్కొక్కటే దించితే తప్ప ఖాళీ కాదు, అలా తిప్పినప్పుడు తూటా పేలే గదిలోకి ఎక్కుతుంది. చూద్దామని మీరుగానీ పిల్లలుగానీ ఆ వంకీ ముట్టుకోవద్దు. బీరువాకు తాళం వేసి, ఈరోజే స్టేషన్‌కి ఫోన్ చేసి, ఎలా తెమ్మంటారో అడగండి. తాతగారి పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకుని మాట్లాడండి. అప్పగించాక రశీదు తప్పకుండా తీసుకోండి, మీ దరఖాస్తుకు అది కావాల్సి వస్తుంది.