పరిహారం వస్తుందన్న లెక్కతో అప్పు చేయొద్దు

ప్రశ్న: వానలో మూత లేని మ్యాన్‌హోల్‌లో పడి మా అన్నయ్య (38) చనిపోయాడు. ఏసీ మెకానిక్‌గా నెలకు పాతిక వేలు తెచ్చేవాడు. వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ ఆ సంపాదన మీదే బతికేవారు. కార్పొరేషన్ 5 లక్షలు ఇస్తామంటోంది. కేసు వేస్తే 50 లక్షలు వస్తాయి, అందులో పావు వంతు తనకివ్వాలంటున్నారు ఒక లాయర్. ఆ ధైర్యంతో వదిన అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. అలాగని 50 లక్షలు గాల్లోంచి పుట్టిన అంకె కాదు. రోడ్డు ప్రమాదాలకు కోర్టులు వేసే లెక్క చూడండి. ఏడాదికి 3 లక్షలు. 40 లోపు వయసు, సొంత పని కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 4.2 లక్షలు. ఆయన సొంత ఖర్చు కింద పావు వంతు పోగా 3.15 లక్షలు. ఆ వయసుకు కోర్టులు వాడే గుణకం 15తో హెచ్చవేస్తే 47.25 లక్షలు. మ్యాన్‌హోల్ కేసులో కోర్టు ఇదే పాటించాలని లేదు. పైగా ఆదాయానికి కాగితం లేకపోతే ఆ పాతిక వేల దగ్గరే కోత పడుతుంది.

ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోతే, తప్పు మున్సిపాలిటీదేనని సుప్రీంకోర్టు తేల్చింది. కూలింది 1951లో, తీర్పు 1966లో! అదే 1997 నాటి ఉపహార్ సినిమా హాలు మంటల కేసులో హైకోర్టు ఢిల్లీ కార్పొరేషన్ మీద వేసిన బాధ్యతను సుప్రీంకోర్టు 2011లో తీసేసింది. అందుకే ఇంటి బడ్జెట్‌లో ఈ డబ్బును సున్నాగానే రాసుకోండి.

కేసు మాత్రం తప్పక వేయండి. ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద గడువు రెండేళ్లే. మున్సిపల్ చట్టాల్లో ముందస్తు నోటీసు, ఇంకా తక్కువ గడువులు ఉంటాయి కాబట్టి ఈ వారమే కదలండి. వచ్చిన సొమ్ములో లాయర్ వాటా అడగడం, లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

5 లక్షలు తీసుకోండి. కానీ "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉంటే, లాయర్‌కు చూపించకుండా వదినగారిని సంతకం పెట్టనివ్వకండి. ఆర్నెల్ల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది ఆవిడ పేరిట పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో వేయండి.

అన్నయ్య పాస్‌బుక్ కూడా తిరగేయండి. మే నెలాఖరులో 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా కావచ్చు. ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు కాపీలతో వెంటనే బ్యాంకుకు వెళ్లండి.