మా అబ్బాయి హాకీ గోల్‌కీపర్ అవుతానంటున్నాడు, చదువు మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఆర్నెల్ల క్రితం హాకీలో గోల్‌కీపర్‌గా మారాడు. దేశం తరఫున ఆడతానని పట్టుబడుతున్నాడు. ఇప్పటికే ఆలస్యమైందేమోనని మాకు టెన్షన్. చదువు మాన్పించి పూర్తిగా ఆటలోనే పెట్టమంటారా?

జవాబు: ఆలస్యం కాలేదు. చదువు మాత్రం మాన్పించకండి.

మన హాకీ జట్టు మాజీ గోల్‌కీపర్ పి.ఆర్. శ్రీజేష్ స్పోర్ట్స్ స్కూల్లో చేరినప్పుడు పరుగు పందేలు, లాంగ్‌జంప్, వాలీబాల్ మీద తిరిగిన కుర్రాడు. కోచ్ చెబితే గోల్ ముందుకొచ్చాడు. 2006లో సీనియర్ జట్టులో అడుగుపెట్టినా చోటు ఖాయం కావడానికి ఏళ్లు పట్టింది. టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీతో కాంస్య పోరులో చివరి సెకన్ల పెనాల్టీ కార్నర్‌ను (డిఫెండర్ల తప్పుకి ఎదుటి జట్టుకు దొరికే గోల్ అవకాశం) ఆపేనాటికి అతనికి 33. పారిస్‌లో మరో కాంస్యం గెలిచి 36 ఏళ్లకు రిటైరయ్యాడు. మీ వాడికి బోలెడు టైముంది.

అయితే మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. ఈ స్థానంలో ఎదురుచూపు ఎక్కువ. ఫార్వర్డ్‌లను మ్యాచ్ సాగుతుండగానే మారుస్తుంటారు కాబట్టి అందరికీ ఎంతో కొంత ఆట దొరుకుతుంది. కీపర్‌ని అలా తరచూ మార్చరు. పారిస్‌కు వెళ్లిన మన 16 మందిలో కీపర్ ఒక్కడే. ఏళ్ల తరబడి శ్రీజేష్ వెనక రెండో కీపర్‌గా ఉన్న క్రిషన్ పాఠక్ అక్కడికి రిజర్వ్‌గా వెళ్లాడు. అంత బాగా ఆడేవాడికే ఆ పరిస్థితి. ఇది మీ అబ్బాయికి దాచకుండా చెప్పండి. విన్నాక కూడా మర్నాడు పొద్దున్నే ప్యాడ్లు కట్టుకుంటే అది మంచి గుర్తు.

ఇంకో పని చేయండి. పెనాల్టీ కార్నర్లు ప్రాక్టీస్ చేసే రోజు గ్రౌండ్‌కి వెళ్లి కాసేపు నిలబడండి. గోల్ ముందు గీసే సర్కిల్ పైఅంచు గోల్‌కి 14.63 మీటర్లు. అక్కణ్నుంచి పెద్ద ఆటగాళ్ల డ్రాగ్‌ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో లాగి విసిరే షాట్) గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తే కీపర్‌కి మిగిలేది అర సెకను. కాబట్టి ఎన్ని ఆపాడని లెక్కపెట్టకండి, ఈ వయసులో గోల్స్ పడతాయి. పడ్డాక ఏం చేస్తున్నాడో చూడండి. డిఫెండర్ మీద అరిచి హెల్మెట్ విసిరికొడుతున్నాడా? లేక లేచి, గ్లవ్స్ సర్దుకుని, "నువ్వు ఎడమ పోస్టు పట్టు" అని పక్కవాడికి మళ్లీ చెబుతున్నాడా? రెండోదైతే నేను ధైర్యంగా ముందుకెళ్లమంటాను.

కోచ్‌ని రెండే అడగండి: వారంలో ఎన్ని రోజులు టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) దొరుకుతుంది, కీపర్లకు విడిగా శిక్షణ ఉందా అని. అంతర్జాతీయ మ్యాచ్‌లన్నీ టర్ఫ్ మీదే. మట్టి మీద అలవాటైన బంతి వేగం అక్కడ పనికిరాదు.

ఇక చదువు. ఒక్క మోకాలి గాయం చాలు, ఏడాది ఆట పోవడానికి. ఇంటర్ దాకా ఎలాగైనా పూర్తి చేయించండి, టోర్నీల రోజుల్లో హాజరు గురించి స్కూల్‌తో ముందే మాట్లాడండి. ఆట ఆగాక ఫిజియోథెరపీ, వీడియో అనాలిసిస్ వంటివాటికి వెళ్లాలంటే ఆ చదువే కావాలి. జూనియర్ జట్ల ఎంపికల దాకా రెండూ కలిసి నడవనివ్వండి. అక్కడ ఏమైందో చూసి నాకు మళ్లీ రాయండి.